అరవై దాటాక వేట విల్లు: ఎన్ని పౌండ్లు లాగాలి, బాణం ఎలా కట్టుకోవాలి

నవంబర్ నెల, తెల్లారి ఆరున్నర, ఒహాయోలో మా అబ్బాయి ఉండే ఊరికి గంట దూరంలో ఒక మొక్కజొన్న చేను అంచున, గుడ్డ గుడారం లాంటి బ్లైండ్‌లో ముడుచుకుని కూర్చున్నానండి. ఒంటిమీద నాలుగు పొరల బట్టలు, చేతులకి తొడుగులు, అయినా వేళ్ళు కొయ్యబారిపోయాయి. పద్దెనిమిది గజాల్లో ఒక ఆడజింక వచ్చి పక్కవాటుగా నిలబడింది. నా చేతిలో ఉన్నది 60 పౌండ్ల కాంపౌండ్ బో, ఇక్కడ రాజోలు దగ్గర మా కొబ్బరితోటలో రోజూ నలభై బాణాలు వేసిన విల్లే. లాగబోతే సగం దాకా కూడా రాలేదు. విల్లుని ఆకాశంవైపు ఎత్తి మళ్ళీ బలంగా లాగాను, భుజంలో ఏదో కలుక్కుమంది, ఆ కదలిక చూసి జింక తెల్లటి తోక ఎత్తుకుని చెట్లలోకి వెళ్ళిపోయింది.

ఆ కలుక్కు నాకు ఐదు నెలలు పట్టింది. ఎమ్మారై తీస్తే భుజం పైన ఉండే సుప్రాస్పైనేటస్ అనే కండరం తాడు కొంచెం చిరిగిందన్నారు. చొక్కా తొడుక్కోవాలన్నా మా ఆవిడ పక్కన ఉండాల్సొచ్చేది. ఆ విల్లు అమ్మిన షాపతను "మగాడన్నాక అరవై లాగాలి సార్" అన్నాడు, నేను నమ్మాను. ఇప్పుడు నా వయసు 64, లాగేది 45 పౌండ్లు, మొన్నటి సీజన్లో అదే చేను అంచున అదే బ్లైండ్‌లో కూర్చుని పదిహేడు గజాల్లో వేసిన బాణం జింకలోంచి అవతలికి వెళ్ళి మట్టిలో దిగింది. ఈ రెంటికీ మధ్య నేను నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే మన గోదారి జిల్లాల నుంచి పిల్లల దగ్గరికి ఏటా వెళ్ళి వస్తున్న పెద్దవాళ్ళలో విల్లు పట్టుకోవాలని ఉన్నవాళ్ళు నాకు కనిపిస్తూనే ఉన్నారు, వాళ్ళ భుజాలు నా భుజంలా కాకూడదు.

ముందు చట్టం మాట

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి జంతువుల వేట నేరం, వేటాడే ప్రయత్నం కూడా నేరమే. కోరింగ మడ అడవుల్లో గానీ, కొల్లేట్లో గానీ, మన తోటలోకి వచ్చిన పిట్ట మీదకైనా గానీ బాణం ఎక్కుపెట్టకూడదు. ఇక్కడ మనం చేసేదంతా గురి సాధనే. వేట అనేది అమెరికా లాంటి చోట, లైసెన్స్ తీసుకుని, సీజన్ తేదీల్లో, అక్కడి రూల్ ప్రకారం చేసేది. చాలా స్టేట్స్‌లో మొదటిసారి లైసెన్స్‌కి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు అడుగుతారు. కనీస డ్రా వెయిట్ (విల్లు లాగడానికి పట్టే బరువు) ఒక్కో స్టేట్‌లో ఒక్కోలా ఉంటుంది, కొన్ని చోట్ల 35 పౌండ్లు, కొన్ని చోట్ల 40, బ్రాడ్‌హెడ్ (వేట బాణానికి పెట్టే పదునైన రెక్కల మొన) వెడల్పు మీద కూడా రూల్ ఉంటుంది. మీరు వెళ్ళే స్టేట్ ఆ ఏడాదికి వేసిన పుస్తకం చూసుకున్నాకే విల్లు కొనండి.

స్టెప్ 1: మీ డ్రా లెంగ్త్ తేల్చుకోండి

డ్రా లెంగ్త్ అంటే తాడుని మీరు ఎంత దూరం వెనక్కి లాగుతారో ఆ పొడుగు. అందరూ పౌండ్ల దగ్గర మొదలుపెడతారు, అసలు మొదలు ఇక్కడ. గోడకి వీపు ఆన్చి రెండు చేతులూ బార చాపండి, బలవంతంగా సాగదీయకుండా మామూలుగా. ఒక మధ్యవేలి కొస నుంచి రెండో మధ్యవేలి కొస దాకా అంగుళాల్లో కొలిపించుకుని 2.5తో భాగించండి. నాకు 67 అంగుళాలు వచ్చింది, అంటే 26.8, నా విల్లు 27 మీద పెట్టాను. అంతకుముందు విల్లు 28న్నర మీద ఉండేదని భుజం పోయాకే తెలిసింది! డ్రా లెంగ్త్ ఎక్కువైతే ఎడమ భుజం పైకి లేచిపోతుంది, కుడి మోచెయ్యి వీపు వెనక్కి పోతుంది, కీలు మీద పడకూడని బరువు పడుతుంది. వయసైనవాళ్ళు లెక్కకి అర అంగుళం తక్కువ పెట్టుకున్నా నష్టమేమీ లేదు, బాణం వేగం కొంచెం తగ్గుతుంది, ఆ తగ్గేది భుజానికి కలిసొస్తుంది.

స్టెప్ 2: కుర్చీ పరీక్ష

ఈ మొత్తంలో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇది పెట్టుకోండి. నిలబడి లాగే బరువు వేరు, కూర్చుని లాగే బరువు వేరు, మూడు గంటలు కదలకుండా చలిలో కూర్చున్నాక లాగే బరువు ఇంకా వేరు. వేటలో మీకు దొరికేది ఆ మూడోది.

చక్రాల్లేని గట్టి కుర్చీ వేసుకోండి. ఎదురుగా పది గజాల్లో టార్గెట్ పెట్టి, బాణం తాడుకి తగిలించే కూర్చోండి, ఖాళీ విల్లు ఎప్పుడూ లాగొద్దు, జారిందంటే లింబులు (విల్లుకి పైనా కిందా ఉండే వంగే బద్దలు) పగిలి మొహం మీదకొస్తాయి. రెండు కాళ్ళూ నేల మీంచి బెత్తెడు ఎత్తండి. విల్లుని గురికి సూటిగా చాపి, అక్కడి నుంచి పైకెత్తకుండా కిందకి దించకుండా మెల్లగా లాగండి. పళ్ళు బిగించారా, నడుం వెనక్కి వాల్చారా, విల్లు చెయ్యి ఒక్క జానెడు పైకి లేచిందా, అయితే ఆ బరువు మీది కాదు. చక్కగా వచ్చిందనుకోండి, అలా పట్టుకుని ముప్ఫై లెక్కపెట్టండి, బాణం వదలకుండా అంతే మెల్లగా వెనక్కి వదులుతూ తీసుకురండి. ఈ వెనక్కి తేవడమే చాలామందికి కష్టం, జింక అడుగు కదిపితే మీరు చెయ్యాల్సింది అదే. నిమిషం ఆగి మళ్ళీ, ఇంకో నిమిషం ఆగి ఇంకోసారి. మూడుసార్లూ ఒకేలా వస్తే ఆ బరువు రాసుకోండి, అందులోంచి ఐదు పౌండ్లు తీసేయండి, అదే మీ వేట బరువు.

ఐదు ఎందుకు తీసేయాలంటే మన దగ్గర సంక్రాంతి చలిలో కూడా దుప్పటి కప్పుకుంటే సరిపోతుంది, అక్కడ నవంబర్లో నీళ్ళు గడ్డకడతాయి, కండరాలు మొద్దుబారతాయి, లావు కోటు చంక దగ్గర పట్టేస్తుంది. మా తోటలో బనీను మీద చేసిన పరీక్ష అక్కడి లెక్కకి సరిపోదు.

పౌండ్లంటే అలవాటు లేనివాళ్ళకి ఒక పోలిక చెప్తాను. మార్కెట్లో దొరికే పాతిక కిలోల బియ్యం బస్తా ఉంది కదా, అది 55 పౌండ్లు. దాన్ని రెండు చేతుల్తో ఎత్తడానికి మీరు ఏమాత్రం ఆలోచిస్తారో, ఒక్క చేత్తో, అదీ రెండు వేళ్ళ మధ్య రిలీజ్‌తో (తాడుని పట్టి వదిలే చిన్న పరికరం) అడ్డంగా లాగడానికి అంతకి నాలుగింతలు ఆలోచించండి. మా బావగారు పాలకొల్లులో ఉంటారు, 66 ఏళ్ళు, "నేను రోజూ రెండు బస్తాలు దించుతానయ్యా, నాకు 50 ఎందుకు రాదు" అన్నారు. కుర్చీలో కూర్చోబెట్టి కాళ్ళు ఎత్తించాను, 42 దగ్గర ఆగిపోయారు. ఎత్తే కండలు వేరు బావగారూ, లాగే కండలు వేరు అని చెప్తే రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు, తర్వాత ఆయనే 38 దగ్గర మొదలుపెట్టారు.

మీ విల్లు నిజంగా ఎంత ఉందో స్టిక్కర్ చూసి నమ్మకండి. మన చెరువుల దగ్గర చేపలు తూచే కొక్కెం కాటా ఉంటుంది చూడండి, డిజిటల్‌ది, దాన్ని తాడు మీద లూప్‌కి తగిలించి ఇంకొకరి సాయంతో మెల్లగా లాగండి, మధ్యలో వచ్చిన అన్నిటికన్నా పెద్ద అంకె చూసి 2.2తో గుణించండి. నాది 20.4 కిలోలు చూపించింది, అంటే 45 పౌండ్లు. కొక్కెం జారకుండా గట్టిగా ఉందో లేదో ముందే చూసుకోండి, జారితే అదీ ఖాళీ విల్లు వదిలినట్టే.

స్టెప్ 3: ఆ బరువుకి సరిపడే విల్లు

కాంపౌండ్ విల్లులో రెండు కొసలా క్యాములు అనే చక్రాలు తిరుగుతాయి కాబట్టి లాగుతున్నప్పుడు మొదట్లో పూర్తి బరువు వచ్చి, చివరికొచ్చేసరికి పడిపోతుంది, దాన్ని లెట్ ఆఫ్ అంటారు. 45 పౌండ్ల విల్లుకి 80 శాతం లెట్ ఆఫ్ ఉంటే పూర్తిగా లాగి పట్టుకున్నప్పుడు మీ మీద ఉండేది 9 పౌండ్లే, నాలుగు కిలోలు. ఈ ఉపాయం హోలిస్ విల్బర్ అలెన్ అనే అమెరికావాడిది, 1969లో పేటెంట్ వచ్చింది, మన వయసువాళ్ళు ఇంకా వేటకి వెళ్ళగలుగుతున్నారంటే నా దృష్టిలో సగం పుణ్యం ఆయనదే. రికర్వ్, అంటే ఆ చక్రాల్లేని విల్లు, దానికైతే ఆ సదుపాయం లేదు, 45 అంటే చివర్లో కూడా 45 మోయాల్సిందే.

అయితే మన భుజాన్ని చంపేది చివర కాదండి, మొదటి పది అంగుళాలు. చెయ్యి పూర్తిగా చాచి ఉన్నప్పుడే బరువు ఒక్కసారిగా మీద పడుతుంది. వేగం కోసం చేసిన విల్లుల్లో క్యాములు గట్టిగా ఉంటాయి, గోడ ఎక్కినట్టు ఉంటుంది, అదే 45 పౌండ్లు మెత్తటి క్యాములున్న విల్లులో 40లా అనిపిస్తుంది. కాబట్టి షాపులో "ఎంత స్పీడు" అని అడక్కండి, నాలుగు విల్లులు ఒకే బరువు మీద పెట్టించుకుని కూర్చుని లాగి చూడండి.

ఇంకో ముఖ్యమైన సంగతి, లింబులు. చాలా విల్లులు గరిష్ఠ బరువు నుంచి సుమారు పది పౌండ్లే కిందకి దిగుతాయి. 60 లింబులు కొంటే 50 దాకానే తగ్గుతుంది. మీకు 42 కావాలంటే 50 లింబులు కొనాలి. లింబు బోల్టు ఒక చుట్టు తిప్పితే మామూలుగా రెండు మూడు పౌండ్లు మారుతుంది, పైదీ కిందదీ సమానంగా తిప్పండి, ఆ విల్లు పుస్తకంలో రాసిన చుట్లకన్నా ఒక్కటి కూడా ఎక్కువ వదులు చేయకండి.

70 పౌండ్లు లాగకపోతే వేటగాడే కాదన్నట్టు మాట్లాడేవాళ్ళు తగులుతారు. మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో కాంపౌండ్‌లో మూడు బంగారు పతకాలు తెచ్చింది కదా, ఆ అంతర్జాతీయ పోటీల్లో కాంపౌండ్‌కి పై హద్దే 60 పౌండ్లు. ప్రపంచ స్థాయి ఆటకి 60 హద్దయినప్పుడు, జింక పదిహేను ఇరవై గజాల్లో నిలబడే వేటకి మనకి 70 ఎందుకండి?

ఏ విల్లైనా సైటు (గురి చూసుకునే పిన్నులుండేది), స్టెబిలైజర్ (విల్లు ఊగకుండా ముందు బిగించే కడ్డీ), బాణాల డబ్బా అన్నీ తగిలిస్తే రెండున్నర కిలోలు దాటుతుంది, చాపిన చేతికి అది తెలుస్తుంది, అనవసరమైనవి పీకేయండి.

స్టెప్ 4: పరీక్షకి ముందు మూడు నెలలు

పాత సైకిల్ ట్యూబు పొడుగ్గా చీల్చి కిటికీ ఊచకి కట్టండి. విల్లు లాగే భంగిమలోనే, మోచెయ్యి భుజం ఎత్తున ఉంచి, చేత్తో కాకుండా వీపు రెక్కలు దగ్గరికి తెస్తూ లాగాలి. పది సార్లు, మూడు విడతలు, రెండు చేతులతోనూ. కుడిచేత్తోనే చేస్తే ఒక పక్క బలం పెరిగి ఇంకో పక్క గుంజుతుంది. ఐదు నెలల తర్వాత నేను మొదలుపెట్టింది ఈ ట్యూబుతోనే, ఫిజియో చెప్పినదాని ప్రకారం.

విల్లు పట్టేది వారానికి మూడు రోజులే, రోజుకి ముప్ఫై బాణాలు చాలు. కండ త్వరగా పెరుగుతుంది, కండరం తాడు మన వయసులో చాలా నెమ్మదిగా కోలుకుంటుంది, అందుకే బలం వచ్చేసిందనిపించిన రోజే దెబ్బ తగులుతుంది. మూడు నాలుగు వారాలకి ఒకసారి రెండు పౌండ్లు పెంచండి. రాత్రి ఆ పక్కకి తిరిగి పడుకుంటే భుజం నొప్పి పెడుతోందంటే పెంచడం ఆపి డాక్టర్‌కి చూపించుకోండి. బీపీ ఉన్నవాళ్ళు లాగేటప్పుడు ఊపిరి బిగబట్టకండి, బిగబడితే బీపీ ఒక్కసారిగా పైకెళ్తుంది.

స్టెప్ 5: బాణం బరువు

ఇక్కడి నుంచి నాకు బాగా ఇష్టమైన భాగం. తక్కువ పౌండ్లు లాగేవాడికి విల్లు ఇవ్వలేనిది బాణం ఇస్తుంది.

బాణం బరువు గ్రెయిన్లలో చెప్తారు, ఒక గ్రాముకి 15.43 గ్రెయిన్లు. విల్లు కంపెనీలు మామూలుగా పౌండుకి కనీసం 5 గ్రెయిన్లు ఉండాలంటాయి, అంతకన్నా తేలికైతే ఖాళీ విల్లు వదిలినట్టే లింబులకి దెబ్బ. వేటకి నేను పౌండుకి 9 దగ్గర పెట్టుకుంటాను. నా బాణం లెక్క ఇది, షాఫ్ట్, అంటే బాణం పుల్ల, 27న్నర అంగుళాలు, అంగుళానికి 8 గ్రెయిన్లు, అంటే 220. ముందు ఇత్తడి ఇన్సర్ట్ (మొన బిగించడానికి లోపల పెట్టే ముక్క) 50, బ్రాడ్‌హెడ్ 125, మూడు వేన్స్ (తోక దగ్గరి రెక్కలు) కలిపి 18, నాక్ (తాడుకి తగిలించే గాడి ముక్క) 8. మొత్తం 421. దీన్ని సరిచూసుకోవడానికి మా ఊళ్ళో నగలు చేసే ఆయన దగ్గరికి పట్టుకెళ్ళానండి, బంగారం తూచే కాటా మీద అడ్డంగా పెట్టి చూస్తే 27.3 గ్రాములు చూపించింది, 15.43తో గుణిస్తే సరిగ్గా 421. పన్నెండు బాణాలూ తూచాం, రెండు ఐదారు గ్రెయిన్లు తేడా వచ్చాయి, వాటికి ఎర్ర రంగు పెట్టి సాధనకే ఉంచాను.

బరువైన బాణం నిదానంగా పోతుంది కదా, నష్టం కాదా అంటారు. లెక్క చూడండి. శక్తి కావాలంటే గ్రెయిన్లని వేగంతో రెండుసార్లు గుణించి 450240తో భాగించాలి, వేగం సెకనుకి అడుగుల్లో. నా విల్లులో 340 గ్రెయిన్ల బాణం 230 అడుగుల వేగంతో వెళ్ళింది, శక్తి సుమారు 40 ఫుట్ పౌండ్లు. 420 గ్రెయిన్లది 210తో వెళ్ళింది, 41. శక్తిలో పెద్ద తేడా లేదు. కానీ బరువునీ వేగాన్నీ ఒక్కసారే గుణిస్తే వచ్చే ఊపు ఉంది చూశారా, మొదటిదానికి 78,200, రెండోదానికి 88,200. పన్నెండు పదమూడు శాతం ఎక్కువ, విల్లు అదే, భుజం అదే! చర్మం, కండ, పక్కటెముక దాటుకుని లోపలికి పోతూ ఉండాలంటే ఈ ఊపే కావాలి. ఎడ్లబండి దిగుడులో ఆగనట్టు బరువైన బాణం తొందరగా ఆగదు. పైగా విల్లు చప్పుడు కూడా తగ్గుతుంది, శక్తి ఎక్కువ భాగం బాణంలోకే పోయి విల్లులో కంపనం తక్కువ మిగులుతుంది.

ఈస్టన్ కంపెనీ చార్ట్‌లో జింక లాంటి వాటికి 25 నుంచి 41 ఫుట్ పౌండ్లు, ఎల్క్, నల్ల ఎలుగు, అడవిపంది లాంటి వాటికి 42 నుంచి 65 అని ఉంటుంది. నేను జింక దగ్గరే ఆగిపోయాను, నా విల్లు ఆ గీత మీదే ఉంది కాబట్టి పెద్ద జంతువు జోలికి పోను. గాయపడి తప్పించుకుని రెండు రోజులు నరకం అనుభవించే జంతువు పాపం మనకొద్దు.

స్టెప్ 6: స్పైన్, ముందు బరువు

స్పైన్ అంటే షాఫ్ట్ ఎంత వంగుతుందో చెప్పే అంకె. 28 అంగుళాల దూరంలో రెండు ఆధారాల మీద షాఫ్ట్ పెట్టి మధ్యలో 1.94 పౌండ్ల బరువు వేలాడదీస్తే అర అంగుళం వంగినదాన్ని 500 అంటారు. అంకె పెద్దదైతే మెత్తన, చిన్నదైతే గట్టి. ఇది తలకిందులుగా ఉండటం వల్లే చాలామంది తప్పు కొంటారు.

షాఫ్ట్ పొడుగు పెరిగినా, ముందు బరువు పెరిగినా బాణం వదిలేటప్పుడు ఇంకా మెత్తగా ప్రవర్తిస్తుంది. 45 పౌండ్లకి, 28 లోపు పొడుగుకి, 100 గ్రెయిన్ల ముందుకొనతో చార్టులు మామూలుగా 500 దగ్గర చూపిస్తాయి. నేను ముందు 175 పెట్టాను కాబట్టి 400కి వెళ్ళాల్సొచ్చింది. మొదట 500తోనే ప్రయత్నించాను, ఫీల్డ్ పాయింట్‌తో, అంటే సాధనకి వాడే రెక్కల్లేని మొనతో, బాగానే వెళ్ళేది, బ్రాడ్‌హెడ్ పెట్టగానే అరచెయ్యి వెడల్పు పక్కకి పోయేది.

ముందు బరువు ఎంతుందో చూడ్డానికి పూర్తిగా కట్టిన బాణాన్ని కత్తి వీపు మీద పెట్టి ఎక్కడ నిలుస్తుందో గుర్తుపెట్టండి. నాక్ గాడి నుంచి షాఫ్ట్ చివర దాకా పొడుగు 28, నిలిచిన చోటు నాక్ నుంచి 18.2 అనుకోండి, సగం పొడుగు 14 తీసేస్తే 4.2, దాన్ని 28తో భాగిస్తే 15 శాతం. మన లాంటి తక్కువ పౌండ్లవాళ్ళకి 12 నుంచి 16 మధ్య ఉంటే హాయిగా ఉంటుంది, తోక ముందుకొన వెంటే బుద్ధిగా వెళ్తుంది.

కార్బన్ షాఫ్ట్ విషయంలో ఒక్క జాగ్రత్త. ప్రతి బాణం వేసే ముందు రెండు చేతులతో పట్టుకుని కొంచెం వంచి, తిప్పుతూ చెవి దగ్గర పెట్టుకుని వినండి. చిటుక్ మన్నా, గోరు తగిలినా విరిచి పారేయండి. పగులు ఉన్న షాఫ్ట్ వదిలేటప్పుడు ముక్కలై విల్లు పట్టుకున్న చేతిలోకి దిగుతుంది, సన్నటి పీచులు ఎక్స్‌రేలో కూడా సరిగా కనపడవు. చూపు తగ్గినవాళ్ళు కళ్ళని నమ్ముకోకుండా వేళ్ళనీ చెవినీ నమ్ముకోండి.

స్టెప్ 7: బ్రాడ్‌హెడ్

రెక్కలు విచ్చుకునే మెకానికల్ బ్రాడ్‌హెడ్లు చూడ్డానికి బాగుంటాయి, గురి కూడా ఫీల్డ్ పాయింట్‌లా వెళ్తుంది, కానీ ఆ రెక్కలు తెరుచుకోవడానికి మన బాణంలో ఉన్న కొద్ది శక్తిలోంచే ఖర్చవుతుంది. 45 పౌండ్లకి నా మాట ఒకటే, కదలని రెండు రెక్కలది, కొస దగ్గరి నుంచే కోసేది, వెడల్పు ఒక అంగుళం అటూ ఇటూ. వెడల్పు పెరిగేకొద్దీ లోతు తగ్గుతుంది.

పదును గురించి ఎంత చెప్పినా తక్కువే. కొత్తగా డబ్బాలోంచి తీసినవన్నీ పదునుగా ఉంటాయనుకోకండి. చేతి మీద వెంట్రుకలు నీళ్ళు లేకుండా గీకితే రాలాలి. రబ్బరు బ్యాండు సాగదీసి మీద ఆనిస్తే నొక్కకుండానే తెగాలి. మొన్న నేను వేసిన బాణం మట్టిలోంచి తీసి చూస్తే, పక్కటెముక తగిలిన చోట ఒక రెక్క మీద గింజంత వంపు ఉంది, మిగతా అంచు అంతా ఇంకా కోస్తూనే ఉంది, జింక అరవై అడుగులు కూడా దాటలేదు. మన గాలిలో ఉప్పు ఉంది, అంచు రెండు వారాల్లో ఎర్రబారుతుంది, వాజలైన్ పల్చగా రాసి డబ్బాలో పెట్టండి. బిగించేటప్పుడు వేళ్ళతో కాదు, దాని ప్లాస్టిక్ రెంచితోనే, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు మరీను.

స్టెప్ 8: తోటలో సరిచూసుకోవడం

ఆరడుగుల దూరంలో చట్రానికి న్యూస్‌పేపర్ బిగించి దాంట్లోంచి బాణం వేయండి. ఒక గుండ్రటి చిల్లు, మూడు రెక్కల గీతలు వస్తే బాణం సూటిగా వెళ్తోంది. పైకో పక్కకో చిరిగితే రెస్ట్ (విల్లు మీద బాణం ఆనేది) గానీ నాకింగ్ పాయింట్ (తాడు మీద నాక్ తగిలించే చోటు) గానీ కొంచెం కొంచెం జరపాలి. నాలుగు అడ్డదిడ్డంగా చిరిగాయంటే ముందు మీ పట్టు చూసుకోండి, విల్లుని కాదు. తర్వాత ఇరవై గజాల్లో ఒక ఫీల్డ్ పాయింటు, ఒక బ్రాడ్‌హెడ్, ఒకదాని తర్వాత ఒకటి. రెండూ పిడికెడు లోపల పడేదాకా వేటకి సిద్ధం కానట్టే.

టార్గెట్‌కి గోనె సంచిలో పాత చీరలు, పాలిథిన్ కవర్లు కూరి కుట్టించుకుంటే ఫీల్డ్ పాయింట్లకి ఏడాది వస్తుంది. బ్రాడ్‌హెడ్ మాత్రం దాంట్లో వేయకండి, గుడ్డలో చిక్కుకుని రాదు, దానికి ఫోమ్ బ్లాకే. వెనకాల మనిషి ఎత్తు మట్టి దిబ్బ ఉండాలి. కాలవ గట్టు, ఏటిగట్టు వెనక వైపు జనం నడుస్తుంటారు కాబట్టి అవి దిబ్బ కిందకి రావు, కాంపౌండ్ బాణం దారి తప్పితే రెండు వందల గజాలు దాటిపోతుంది. కొబ్బరికాయల దింపు తీసే రోజు విల్లు బయటికే తీయకండి, చెట్టు మీద మనిషి ఉన్నాడో లేడో ఆకుల్లో తెలీదు.

స్టెప్ 9: కళ్ళు, దూరం

సైటులో ఐదు పిన్నులుంటే మన కళ్ళకి ఐదూ కలిసిపోతాయి, ఒక్క పిన్ను చాలు, ఇరవై గజాలకి పెట్టుకోండి. తాడులో కంటికెదురుగా ఉండే పీప్ రంధ్రం కొంచెం పెద్దది వేయించుకుంటే తెల్లవారుజామున వెలుతురు వస్తుంది. శుక్లాల ఆపరేషన్ అయినవాళ్ళు ఆ తర్వాత సైటు మళ్ళీ మొదట్నుంచి సరిచూసుకోవాలి.

నా హద్దు 22 గజాలు. 210 అడుగుల వేగంతో బాణం 20 గజాలు వెళ్ళడానికి సెకనులో మూడో వంతుకన్నా తక్కువ, 40 గజాలకి అర సెకను దాటుతుంది, తాడు చప్పుడు అంతకన్నా ముందే జింక చెవికి చేరుతుంది, అది కిందకి వంగి పరిగెత్తేస్తుంది. పక్కవాటుగా గానీ, కొంచెం అవతలికి తిరిగి గానీ నిలబడితేనే వేయండి, ఎదురుగా ఉంటే వదిలేయండి. చెట్టు మీద కట్టే స్టాండ్లు మన వయసుకి నేను చెప్పను, నేల మీద బ్లైండ్, వీపు ఆనే స్టూలు చాలు. భుజం అసలు సహకరించదంటే చాలా స్టేట్స్ క్రాస్‌బో (తుపాకీలా పట్టుకుని ట్రిగ్గర్ నొక్కి వదిలే అడ్డ విల్లు) ఒప్పుకుంటాయి, అందులో చిన్నతనం ఏమీ లేదు.

స్టెప్ 10: మన వాతావరణంలో విల్లు

రోహిణి కార్తెలో కారు డిక్కీలో విల్లు పెట్టి మర్చిపోతే తాడు సాగిపోతుంది, డ్రా లెంగ్తూ పౌండ్లూ రెండూ మారిపోతాయి. రెండు వారాలకి ఒకసారి తాడుకి మైనం రాసి వేళ్ళతో రుద్దండి, పోగులు లేచాయేమో చూడండి. ధాన్యం ఉన్న ఇళ్ళల్లో ఎలుకలు ఆ మైనం వాసనకి తాడు కొరికేస్తాయి, మాది ఒకటి అలాగే పోయింది, అప్పటి నుంచి రేకు పెట్టెలో పెడుతున్నాను. తాడు మార్చాలంటే బో ప్రెస్ (విల్లుని నొక్కి తాడు వదులు చేసే యంత్రం) ఉన్నవాళ్ళ దగ్గరికే, ఇంట్లో ప్రయత్నించొద్దు.

ప్రయాణం ముందు రోజు బోల్టులు ఎన్ని చుట్లు ఉన్నాయో, పీప్ ఎక్కడుందో, సైటు పిన్ను ఏ గీత మీదుందో ఫోన్‌లో ఫోటోలు తీసుకోండి. విల్లు, బాణాలు, బ్రాడ్‌హెడ్లు అన్నీ చెకిన్ లగేజీలోనే, బ్రాడ్‌హెడ్లు విడిగా గట్టి డబ్బాలో. అక్కడ దిగాక రెండు రోజులు నిద్ర సరిపెట్టుకుని, మొదట ఫీల్డ్ పాయింట్‌తో పది గజాల్లో, తర్వాత ఇరవైలో చూసుకోండి, ఆ తర్వాత అక్కడి కోటు తొడుక్కుని, పెరట్లో చలిలో గంటసేపు ఊరికే కూర్చుని, ఇంకోసారి కుర్చీ పరీక్ష చేయండి. లాగడం బరువనిపిస్తే రెండు బోల్టులూ చెరో అర చుట్టు వదులు చేసి, సైటు మళ్ళీ సరిచూసుకోండి.